తెలుగు వాక్యాన్ని పట్టుకోండి, ఇంగ్లీషు తప్పు దొరుకుతుంది

విశాఖపట్నంలో ఇంగ్లీషు అవసరం పడని ఉద్యోగం తక్కువ. రుషికొండ ఐటీ కంపెనీలో ఇంటర్వ్యూ అయినా, బీచ్ రోడ్డు హోటల్లో రిసెప్షన్ పని అయినా, షిప్పింగ్ ఆఫీసులో బిల్లులు రాసే పని అయినా నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయాలి, నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడాలి. డిగ్రీ దాకా ఇంగ్లీషు చదివినవాళ్లు కూడా ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడాల్సి వస్తే పక్కవాళ్లకి ఫోన్ అందించేస్తారు.

మనవాళ్లు రాసిన వాక్యాలు దిద్దుతూ కూర్చుంటే ఒక సంగతి తెలిసిపోతుంది. తప్పులు వందల రకాలు ఉండవు. మనిషి మారినా అవే పది పన్నెండు రకాలు తిరిగి తిరిగి వస్తాయి. వాటిలో చాలావాటి కింద శుభ్రమైన తెలుగు వాక్యం ఒకటి ఉంటుంది. తెలుగులో అలాగే అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ అలాగే అనేస్తాం. అందుకే గ్రామర్ పుస్తకం మొదటి పేజీ తెరిచి నౌన్, ప్రొనౌన్ అంటూ మొదలుపెట్టవద్దని చెబుతాను. మీ వాక్యమే తీసుకోండి. దాని కింద ఉన్న తెలుగును బయటికి లాగండి. రెండూ ఎక్కడ విడిపోతున్నాయో చూడండి.

ఇంగ్లీషు వాక్యాలు కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పైకి చదువుకోండి.

ముందు పది వాక్యాలు రాయండి

ఒక నోట్‌బుక్ తీసుకుని మీ గురించి, మీ ఇంటి గురించి, నిన్న జరిగినదాని గురించి పది చిన్న వాక్యాలు రాయండి. ఒక్కో వాక్యంలో ఏడెనిమిది మాటలు మించనివ్వకండి. పెద్ద వాక్యంలో ఒక తప్పు ఇంకో తప్పు వెనక దాక్కుంటుంది. వాక్యానికి వాక్యానికి మధ్య రెండు లైన్లు వదలండి. మొదటి లైనులో, ఆ మాట మీ మనసులో తెలుగులో ఎలా వచ్చిందో అలాగే రాయండి, పుస్తకాల తెలుగులోకి మార్చకుండా. రెండో లైను దిద్దిన వాక్యానికి.

దిద్దేటప్పుడు అన్నీ ఒకేసారి చూడకండి. మొదటి విడతలో వెర్బ్ (క్రియ) ఒక్కటే చూడండి. సగం తప్పులు అక్కడే ఉంటాయి.

వెర్బ్ దగ్గర ఆగండి

మనవాళ్ల తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది 'విల్'. తెలుగులో 'వెళ్తాను' అంటే రోజూ వెళ్తాను అనీ అర్థమే, రేపు వెళ్తాను అనీ అర్థమే. ఇంగ్లీషులో ఈ రెండిటికీ రెండు వేరు రూపాలు. 'మా నాన్న ఆటో నడుపుతారు' అనుకుని 'మై ఫాదర్ విల్ డ్రైవ్ యాన్ ఆటో' అంటే, వినేవాళ్లకు మీ నాన్నగారు ఇకమీదట నడపబోతున్నారని అర్థమవుతుంది. అనాల్సింది 'మై ఫాదర్ డ్రైవ్స్ యాన్ ఆటో'. 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్' అంటే ఇవాళే తీసుకున్న నిర్ణయంలా ఉంటుంది. 'ఐ గెట్ అప్ ఎట్ సిక్స్ ఎవ్రీ డే' అంటే అలవాటు.

పరీక్ష ఇలా పెట్టుకోండి. మీ తెలుగు వాక్యంలో 'రోజూ' అనో 'ఎప్పుడూ' అనో చేర్చి చూడండి. అర్థం మారకపోతే 'విల్' కొట్టేయండి. 'రేపు' అని చేరిస్తేనే అతికితే 'విల్' ఉంచండి. పది వాక్యాల్లో ఉన్న ప్రతి 'విల్'కీ ఈ పరీక్ష పెట్టండి.

'విల్' తీసేశాక హీ, షీ, ఇట్ అన్నవాటికి వెర్బ్ చివర 'ఎస్' రావాలి: డ్రైవ్స్, గోస్, వర్క్స్. కానీ 'డజ్' వచ్చిందంటే ఆ 'ఎస్' అందులోకి వెళ్లిపోయినట్టే. 'షీ డజ్‌న్ట్ హాజ్' తప్పు, 'షీ డజ్‌న్ట్ హావ్' ఒప్పు. 'డిడ్' కూడా అంతే. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' మోస్తుంది కాబట్టి పక్కనున్న వెర్బ్ మామూలు రూపంలోకి వచ్చేయాలి. 'ఐ డిడ్ నాట్ వెంట్' కాదు, 'ఐ డిడ్ నాట్ గో'.

తర్వాత వెర్బ్ చివర చేరే 'ఇంగ్'. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్', 'ఐ యామ్ నోయింగ్ హిందీ' అంటూ ఉంటాం. 'అర్థం కావట్లేదు' అన్న తెలుగు మాటలో ఇప్పుడు జరుగుతున్నట్టు ఉంటుంది కాబట్టి 'ఇంగ్' చేరిపోతుంది. ఆ పనిని ఫొటో తీయగలరా అని అడగండి. తినడం, నడవడం, రాయడం ఫొటోలో కనిపిస్తాయి, అక్కడ 'ఇంగ్' రావచ్చు. తెలియడం, కావాలనుకోవడం, ఇష్టపడటం, ఇద్దరు తమ్ముళ్లు ఉండటం ఫొటోకి అందవు. అక్కడ 'ఐ నో', 'ఐ వాంట్', 'ఐ లైక్', 'ఐ హావ్'. 'ఐ యామ్ హావింగ్ లంచ్' మాత్రం తప్పు కాదు, అక్కడ 'హావింగ్' అంటే తింటున్నానని.

ఇక 'నుంచి'. 'ఐదేళ్ల నుంచి మధురవాడలో ఉంటున్నాను' అన్నది 'ఐ యామ్ లివింగ్ ఇన్ మధురవాడ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అయిపోతుంది. ఇందులో తప్పులు రెండు. మొదలైన క్షణం చెబితే 'సిన్స్': సిన్స్ 2019, సిన్స్ మండే, సిన్స్ దిస్ మార్నింగ్. ఎంత కాలమో చెబితే 'ఫర్': ఫర్ ఫైవ్ ఇయర్స్, ఫర్ టూ అవర్స్. రెండో తప్పు వెర్బ్‌లో. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి 'హావ్ బీన్' కావాలి. 'ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ మధురవాడ ఫర్ ఫైవ్ ఇయర్స్.' చాలామంది సిన్స్‌ని ఫర్ చేసి అక్కడితో ఆగిపోతారు. వెర్బ్ కూడా మారాకే ఆ వాక్యం దిద్దినట్టు.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి. గడిచిపోయిన తేదీ చెప్పాక 'హావ్', 'హాజ్' పెట్టకూడదు. 'ఆంధ్రా యూనివర్సిటీ హాజ్ స్టార్టెడ్ ఇన్ 1926' కాదు, 'ఆంధ్రా యూనివర్సిటీ వాజ్ ఫౌండెడ్ ఇన్ 1926'. 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' కాదు, 'ఐ సా హిమ్ యెస్టర్‌డే'.

మన మర్యాద వల్ల వచ్చే తప్పు కూడా ఉంది. 'మా సార్ వచ్చారు, వాళ్లు చెప్పారు' అంటాం. అదే ఇంగ్లీషులో 'మై సార్ హావ్ కమ్, దే టోల్డ్' అవుతుంది. మనిషి ఒక్కరైతే ఎంత పెద్దవారైనా 'హీ', 'షీ', 'హాజ్', 'ఈజ్' అనే అనాలి. మీ తాతగారిని 'హీ' అంటే అక్కడ అమర్యాద కాదు. గౌరవం చూపించడానికి ఇంగ్లీషులో వెర్బ్ కాకుండా 'ప్లీజ్', 'వుడ్ యూ', 'కుడ్ యూ' లాంటి మాటలు ఉన్నాయి.

వెర్బ్‌తో పాటు వాక్యానికి కర్త ఉందో లేదో చూడండి. 'ఉక్కగా ఉంది' అని తెలుగులో ఊరుకోవచ్చు. మన ఊళ్లో మే నెలలో ఆ మాట అనకుండా పూట గడవదు. ఇంగ్లీషులో 'ఈజ్ వెరీ హ్యూమిడ్' అంటే చాలదు, 'ఇట్ ఈజ్ వెరీ హ్యూమిడ్' అనాలి. 'రెయిన్ ఈజ్ కమింగ్' బదులు 'ఇట్ ఈజ్ రెయినింగ్'. 'ఫీవర్ కేమ్ టు మీ' బదులు 'ఐ హావ్ ఎ ఫీవర్'.

లో, కి, తో, గురించి

రెండో విడతలో చిన్న మాటలు. తెలుగులో విభక్తి మాటకే అంటుకుని ఉంటుంది. ఇంగ్లీషులో కొన్నిచోట్ల దానికి వేరే మాట పెడతారు, కొన్నిచోట్ల అసలు ఏమీ పెట్టరు.

ఏమీ పెట్టనివి ముందు నేర్చుకోండి, సులువు. 'దాని గురించి చర్చించాం' కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్ ఇట్' అంటాం. 'డిస్కస్డ్ ఇట్' చాలు. 'నాకు చెప్పాడు' అన్నది 'టోల్డ్ మీ', మధ్యలో 'టు' వద్దు. 'నాకు ఫోన్ చెయ్యి' అన్నది 'కాల్ మీ'. 'స్టేషన్‌కి చేరాను' అన్నది 'రీచ్డ్ ద స్టేషన్'. 'ఇంటికి వెళ్లాను' అన్నది 'వెంట్ హోమ్'. 'ఇక్కడికి రా' అన్నది 'కమ్ హియర్'.

'లో' దగ్గర ఎక్కువమంది తడబడతారు. లో అనగానే 'ఇన్' వచ్చేస్తుంది. కారులో, ఆటోలో అయితే 'ఇన్ ద కార్', 'ఇన్ యాన్ ఆటో' సరే. బస్సులో, రైల్లో మాత్రం 'ఆన్ ద బస్', 'ఆన్ ద ట్రెయిన్'. లోపల లేచి నిలబడి నడవగలిగిన బండికి 'ఆన్' అని గుర్తుపెట్టుకుంటే ఓడకూ విమానానికీ కూడా సరిపోతుంది. ఫోన్లో మాట్లాడితే 'ఆన్ ద ఫోన్'. టీవీలో వస్తే 'ఆన్ టీవీ'. మూడో అంతస్తులో ఉంటే 'ఆన్ ద థర్డ్ ఫ్లోర్'. చిరునామాల్లో ఏరియా పేరుకి 'ఇన్', రోడ్డు పేరుకి 'ఆన్', కలుసుకునే చోటుకి 'ఎట్'. 'ఐ లివ్ ఇన్ గాజువాక.' 'ద సబ్‌మెరైన్ మ్యూజియం ఈజ్ ఆన్ బీచ్ రోడ్.' 'మీట్ మీ ఎట్ జగదాంబ జంక్షన్.'

మిగతావి కంఠతా పట్టాల్సిందే: నా మీద కోపం 'యాంగ్రీ విత్ మీ', ఆయనతో పెళ్లయింది 'మ్యారీడ్ టు హిమ్', లెక్కల్లో దిట్ట 'గుడ్ ఎట్ మ్యాథ్స్'.

ఎ, యాన్, ద

తెలుగులో ఇవి లేవు కాబట్టి మనం వదిలేస్తాం, లేకపోతే భయపడి ప్రతి మాటకీ 'ద' తగిలిస్తాం. ఎ, యాన్ దగ్గర మాత్రం మన లిపి మనకు గొప్ప సాయం చేస్తుంది. స్కూల్లో ఎ, ఇ, ఐ, ఓ, యూ అనే ఐదు అక్షరాల ముందు 'యాన్' అని చెప్పి వదిలేస్తారు. 'అవర్' అనే మాట ఇంగ్లీషులో హెచ్‌తో మొదలవుతుంది, 'యూనివర్సిటీ' యూతో మొదలవుతుంది. దాంతో పిల్లలు రెండూ తప్పుతారు. లెక్కలోకి వచ్చేది పలికే ధ్వని. ఆ మాటను తెలుగులో రాయండి. మొదటి అక్షరం అచ్చు అయితే 'యాన్', హల్లు అయితే 'ఎ'. అవర్ 'అ'తో మొదలైంది, కాబట్టి 'యాన్ అవర్'. యూనివర్సిటీ 'య'తో మొదలైంది, కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. ఎంబీఏ, ఎఫ్‌ఐఆర్, ఎల్‌ఐసీ పాలసీ అన్నీ 'ఎ' అనే అచ్చుతో మొదలవుతాయి, కాబట్టి మూడింటికీ 'యాన్'. వన్ వే టికెట్ 'వ'తో మొదలైంది, కాబట్టి 'ఎ'.

ఒక్క జాగ్రత్త. కొన్ని మాటల్లో య, వ ధ్వనుల్ని మనం మింగేస్తాం. ఇయర్ అని రాస్తాం, సంవత్సరం అనే అర్థంలో అది నిజానికి 'యియర్', కాబట్టి 'ఎ ఇయర్'. చెవికి మాత్రం 'యాన్ ఇయర్'. ఎల్లో అంటాం, అది 'యెల్లో', కాబట్టి 'ఎ యెల్లో శారీ'. ఉమన్, ఉడ్, ఊల్ అన్నవి కూడా 'వు'తో పలకాల్సినవి, 'ఎ వుమన్'. యాపిల్, యాప్, యాక్టర్ లాంటి వాటిలో దీనికి ఎదురు చిక్కు: 'యా' అని రాస్తాం గానీ ఇంగ్లీషులో అక్కడ పలికేది అచ్చే, కాబట్టి 'యాన్ యాపిల్'. ఇలాంటివి తప్ప మిగతాచోట్ల ఈ పద్ధతి పెద్దగా ఇబ్బంది పెట్టదు.

'ద' కోసం, వినేవాళ్లకు ఏదో తెలుసా అని అడగండి. 'ఐ బాట్ ఎ ఫోన్. ద ఫోన్ స్టాప్డ్ వర్కింగ్ ఇన్ ఎ వీక్.' మొదటిసారి ఏదో ఒక ఫోన్, రెండోసారి ఆ ఫోన్. ఇక పేర్ల విషయం. సముద్రాలకూ నదులకూ కొండల వరసలకూ 'ద' ఉంటుంది: ద బే ఆఫ్ బెంగాల్, ద గోదావరి, ది ఈస్టర్న్ ఘాట్స్. ఒంటరి కొండకూ, ఊరికీ, జంక్షన్‌కీ ఉండదు. కైలాసగిరి, భీమిలి, మద్దిలపాలెం అన్నవి ఊరికే అంటే చాలు.

మాట ఎంచుకోవడం

తెలుగులో ఒక్క మాట ఉన్నచోట ఇంగ్లీషులో రెండు మూడు ఉంటే తప్పు జరుగుతుంది. 'చూడు' అన్నదానికి కంట పడితే 'సీ', కావాలని కళ్లు తిప్పి చూస్తే 'లుక్ ఎట్', కదులుతున్నదాన్ని కాసేపు చూస్తే 'వాచ్'. 'విను' కూడా అంతే: చెవిన పడితే 'హియర్', శ్రద్ధగా వింటే 'లిజన్ టు'. 'చెప్పు' అన్నదానికి, ఎవరికి చెప్పామో వెంటనే వస్తే 'టెల్', లేకపోతే 'సే'. 'హీ సెడ్ మీ' అనకూడదు, 'హీ టోల్డ్ మీ'. అప్పు తీసుకుంటే 'బారో', ఇస్తే 'లెండ్'. బ్యాంకుకి వెళ్లి ఈ రెండూ తారుమారు చేస్తే మాట పూర్తిగా తిరగబడుతుంది.

లైటు వెయ్యమనడానికి 'పుట్ ద లైట్', తీసెయ్యమనడానికి 'ఆఫ్ ద లైట్' అంటాం. 'స్విచ్ ఆన్', 'స్విచ్ ఆఫ్' అనండి. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అని బయటి దేశం వాళ్లతో అంటే సొమ్మసిల్లి పడిపోయారనుకుంటారు. 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022' అనండి. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మీ మాట నమ్మకంగా లేదని వినిపించవచ్చు. అడగాల్సింది ఉంటే 'ఐ హావ్ ఎ క్వశ్చన్'. బస్టాండు 'బ్యాక్ సైడ్' అనకుండా 'బిహైండ్ ద బస్ స్టేషన్' అనండి. 'హాట్ హాట్ బజ్జీస్', 'స్మాల్ స్మాల్ థింగ్స్' అని మాటను రెండుసార్లు అనడం తెలుగుకు అందం, ఇంగ్లీషులో ఒకసారి చాలు.

సెలవు తీసుకునేటప్పుడు మనం 'వెళ్తాను' అనం, 'వస్తాను' అంటాం. పెద్దలు నేర్పిన మంచి అలవాటు అది. ఇంగ్లీషులో 'ఐ విల్ కమ్' అని లేచి వెళ్లిపోతే ఎదుటి మనిషి మీరు తిరిగి వస్తారని కూర్చుంటాడు. 'ఐ షుడ్ గో నౌ. సీ యూ' అనండి.

సామాన్లు, సలహాలు, వివరాలు అని బహువచనంలో అంటాం కదా అని లగేజెస్, అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్ అనకూడదు. ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్ కూడా ఏకవచనమే. అనుమానం వస్తే కేంబ్రిడ్జ్ లేదా ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ ఆన్‌లైన్లో తెరవండి. ఖర్చు లేదు. ఇలాంటి మాట లెక్కపెట్టేదో కాదో పక్కనే సీ (కౌంటబుల్), యూ (అన్‌కౌంటబుల్) అనే అక్షరాలతో గానీ, ఆ పూర్తి మాటలతో గానీ గుర్తు ఉంటుంది. యూ మాత్రమే ఉంటే 'ఎస్' చేర్చకండి. ఉదాహరణ వాక్యాలు కూడా ఉంటాయి, వాటిలో ఒకటి కాపీ చేసుకోండి.

ప్రశ్న, జవాబు

'వేర్ యూ ఆర్ గోయింగ్?' అనడం అందరికీ అలవాటు. ప్రశ్నలో 'ఆర్' ముందుకు రావాలి: 'వేర్ ఆర్ యూ గోయింగ్?' అదే ప్రశ్నను ఇంకో ప్రశ్నలో పెడితే మళ్లీ వెనక్కి వెళ్తుంది: 'కెన్ యూ టెల్ మీ వేర్ ద బస్ స్టాప్ ఈజ్?'

దీనికన్నా నష్టం చేసేది అవును, కాదు. 'డబ్బు రాలేదా?' అంటే తెలుగులో 'అవును, రాలేదు' అంటాం. అడిగిన మాటతో ఒప్పుకుంటున్నాం అన్నమాట. ఇంగ్లీషులో అలా కాదు, జరిగితే 'యెస్', జరగకపోతే 'నో'. ఫోన్లో అవతలివాళ్లు 'యూ హావ్‌న్ట్ రిసీవ్డ్ ద పేమెంట్?' అని అడిగినప్పుడు మీరు 'యెస్' అని ఊరుకుంటే, డబ్బు వచ్చేసిందని రాసుకునే ప్రమాదం ఉంది. 'నో, ఐ హావ్‌న్ట్' అనాలి. అలవాటయ్యే దాకా ఒట్టి యెస్, నో అనడం మానేసి పూర్తి వాక్యం చెప్పండి.

ఒక ముక్క దిద్ది చూద్దాం

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు రాసుకునే పరిచయం మామూలుగా ఇలా ఉంటుంది.

'మైసెల్ఫ్ ఫ్రమ్ గాజువాక. ఐ యామ్ హావింగ్ వన్ యంగర్ సిస్టర్. మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ స్టీల్ ప్లాంట్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్. మై మదర్ విల్ డూ టైలరింగ్. ఐ డిడ్ నాట్ గాట్ జాబ్ యెట్.'

మొదటి విడతలో వెర్బ్‌లు. 'మైసెల్ఫ్' పోయి 'ఐ యామ్' వస్తుంది. 'యామ్ హావింగ్' అన్నది 'హావ్' అవుతుంది. ఇరవై ఏళ్లుగా సాగుతున్న పని కాబట్టి 'హాజ్ బీన్ వర్కింగ్'. అమ్మ రోజూ కుడుతుంది కాబట్టి 'విల్' పోతుంది. 'యెట్' ఉంది కాబట్టి 'హావ్ నాట్ ఫౌండ్'. రెండో విడతలో 'సిన్స్' స్థానంలో 'ఫర్', 'ఇన్' స్థానంలో 'ఎట్'. మూడో విడతలో స్టీల్ ప్లాంట్‌కి 'ద', జాబ్‌కి 'ఎ'. చెల్లెలి దగ్గర 'వన్' బదులు 'ఎ' సహజంగా ఉంటుంది. నాలుగో విడతలో 'డజ్ టైలరింగ్' అర్థమవుతుంది గానీ 'ఈజ్ ఎ టైలర్' ఇంకా బాగుంటుంది.

'ఐ యామ్ ఫ్రమ్ గాజువాక. ఐ హావ్ ఎ యంగర్ సిస్టర్. మై ఫాదర్ హాజ్ బీన్ వర్కింగ్ ఎట్ ద స్టీల్ ప్లాంట్ ఫర్ ట్వెంటీ ఇయర్స్. మై మదర్ ఈజ్ ఎ టైలర్. ఐ హావ్ నాట్ ఫౌండ్ ఎ జాబ్ యెట్.'

ఒక్క గొప్ప మాట కూడా చేర్చలేదు. చేర్చాల్సిన అవసరం లేదు. పెద్ద పెద్ద మాటలు బట్టీపట్టి అప్పజెప్పేకన్నా ఇలా నేరుగా ఉన్న ఐదు వాక్యాలే ఎదుటివాళ్లకు నమ్మకం కలిగిస్తాయి.

తప్పులు చూపించే యాప్‌లు వాడండి, కానీ వాటి మీదే ఆధారపడకండి. 'డిడ్ నాట్ వెంట్' లాంటిది అవి పట్టేస్తాయి. 'మై ఫాదర్ విల్ డ్రైవ్ యాన్ ఆటో' అన్నది వాటి లెక్కలో నిక్షేపమైన వాక్యం. మీరు చెప్పదలచుకున్నది రోజూ నడపడం గురించి అని వాటికి ఎలా తెలుస్తుంది? అది మీరు పక్కన రాసుకున్న తెలుగు లైనుకే తెలుసు.

కొన్నిటిని ప్రస్తుతానికి వదిలేయండి. 'ఔట్ ఆఫ్ స్టేషన్', 'ప్రీపోన్', 'కజిన్ బ్రదర్' లాంటివి మన దేశంలో అందరికీ అర్థమవుతాయి. విదేశీ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం వచ్చినప్పుడు మార్చుకోవచ్చు. వారానికి ఒక్క తప్పు మీదే పని చేయండి. ఈ వారం 'విల్', వచ్చే వారం 'ఇంగ్', ఆపై వారం 'నుంచి'.

ఇంట్లో పిల్లలు ఇంగ్లీషు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి దిద్దకండి. నలుగురి ముందు అసలే వద్దు, నోరు మూసుకుపోతుంది. పాప 'ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్' అంటే, తప్పన్న మాట ఎత్తకుండా 'ఓ, యూ డిడ్‌న్ట్ గో? వై?' అని అడగండి. జవాబు చెప్పేటప్పుడు చాలాసార్లు తనే సరిచేసుకుంటుంది. సరిచేసుకోకపోతే రేపు మళ్లీ అలాగే అడగండి.